వీధి మలుపు దాకా వచ్చే వాసన

ఆ ఏడు వానలు మొదలైన రెండో వారంలో నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం మీద ఉండి లేచాను. జ్వరం పోతూ పోతూ నా ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది.

ముక్కంటే బయటికి కనిపించేది కాదు. అది ఎప్పటిలాగే మొహం మధ్యలో దర్జాగా కూర్చునే ఉంది. పోయింది వాసన. ఐదో రోజు పొద్దున స్నానం చేస్తూ సబ్బును ముక్కుకు ఆనించి పీల్చాను, ఏమీ లేదు. టీ పొడి డబ్బా మూత తీశాను, కిరోసిన్ సీసా మూత తీశాను, సిగ్గు విడిచి నా చెప్పులు కూడా వాసన చూసుకున్నాను. ఆఖరికి వంటింట్లో బుట్టలోంచి ఒక ఉల్లిపాయ తీసి, రెండు చెక్కలు చేసి, మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. కళ్ళు భగ్గుమని మండి ధారగా నీళ్ళు కారాయి. ముక్కు మాత్రం తనకేమీ పట్టనట్టు ఊరుకుంది.

ఇంకొకరికైతే ఇది పెద్ద విషయం కాదు. నా సంగతి వేరు. నేను ఉల్లిపాయల గిడ్డంగిలో వాసన చూసే మనిషిని. అక్కడ నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, అందరికీ 'ముక్కాయన'నే.

ఎండాకాలంలో వచ్చిన పంటను మా గిడ్డంగిలో చెక్క అరల మీద పోసి వానలు వెళ్ళేదాకా నిలవ ఉంచుతారు. మధ్యలో సందులు, సందులకు అటూ ఇటూ అరలు, మొత్తం నలభై. ఉల్లిపాయ పైకి చూడడానికి నిగనిగలాడుతూనే ఉంటుంది, కుళ్ళు లోపల మొదలవుతుంది. అది కంటికి కనిపించేసరికి చుట్టూ ఉన్న పాతిక పాడైపోతాయి. అందుకని రోజూ పొద్దున్నే, ఫ్యాన్లు వెయ్యకముందు, గాలి కదలకుండా ఉన్నప్పుడు, నేనొక్కణ్ణే ఆ సందుల్లో నెమ్మదిగా నడుస్తాను. ఎక్కడైనా తియ్యగా, కాస్త పులిసినట్టు వాసన తగిలితే ఆగి, ఆ అర చెక్క మీద సుద్దతో ఇంటూ గుర్తు పెడతాను. తరవాత ఆడవాళ్ళు వచ్చి ఆ అర దించి, కుళ్ళినవి ఏరేసి, మంచివి మళ్ళీ పోస్తారు. ఇరవై ఆరేళ్ళలో నా గుర్తు తప్పడం ఎవరూ చూడలేదు. నాకు చదువు లేదు, బస్తాలు మోసే ఒళ్ళు కాదు. నాకున్నదల్లా ఆ ముక్కే.

డాక్టరు టార్చి వేసి ముక్కులోకి చూశాడు. "ఆరు వారాలు చూడు. రావాల్సి ఉంటే ఈలోపే వస్తుంది. రాకపోతే ఇక దాని మీద ఆశ వదిలెయ్" అన్నాడు.

ఆరు వారాలే కదా, కళ్ళు మూసుకుంటే అయిపోతాయి అనుకున్నాను. గిడ్డంగిలో చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. పైకి అన్నానంటే అది నిజమైపోతుందని భయపడ్డాను, అంతే.

మాది ఇద్దరి సంసారం. వీధి చివర దర్జీ దుకాణం, దాని పైన మా రెండు గదులు. కింద కుట్టిన చొక్కాలు పైకి వస్తాయి, మా ఆవిడ వాటికి కాజాలు తీసి, గుండీలు కుట్టి కిందికి పంపిస్తుంది. ఇద్దరమూ మాటల్లో మహా పొదుపు. నేను సాయంత్రం ఐదున్నరకి మెట్లెక్కుతాను. సరిగ్గా ఆ వేళకే ఆవిడ మూకుట్లో ఉల్లిపాయలు వేస్తుంది. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "వీధి మలుపు దాకా వచ్చేసింది వాసన!" అంటాను. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "వచ్చుంటుంది లెండి" అంటుంది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. కొన్ని రోజుల్లో మేం మాట్లాడుకున్నది ఆ రెండు ముక్కలే.

అది ఉత్త మెచ్చుకోలు అనుకునేరు, కాదు. పొద్దుటినుంచీ ఉల్లిపాయల మధ్యే బతికే వాణ్ణి, ఇంటికొచ్చి మళ్ళీ ఆ వాసనకి మురిసిపోవడం ఏమిటని గిడ్డంగిలో నవ్వేవాళ్ళు. వాళ్ళకి తెలియదు. గిడ్డంగిలో ఉన్నది సరుకు, మూకుట్లో ఉన్నది ఇల్లు. నూనెలో పడగానే వచ్చే పచ్చి ఘాటు ఒకటి, రెండు నిమిషాలకి ఆ ఘాటు చల్లారి తీపి మొదలవుతుంది. అంచులు ఎర్రబడుతున్నప్పుడు వచ్చే వాసన ఉంది చూశారూ, దానికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు. గుడ్డుకైనా, బంగాళాదుంపకైనా, మాంసానికైనా ముందు మూకుట్లోకి దిగేది ఇదే. తీరా పేరు మాత్రం వాటికి పోతుంది. ఇవాళ ఏం కూర అని అడిగితే ఉల్లిపాయ అని చెప్పినవాళ్ళని నేను చూడలేదు. అయినా అది అలగదు, మర్నాడు మళ్ళీ అందరికంటే ముందు తనే దిగుతుంది. ఏ ఇంటి ముందునుంచి వెళ్తున్నా ఆ వాసన తగిలితే, లోపల ఎవరో ఎవరికోసమో వండుతున్నారని తెలిసిపోతుంది. నాకు కూడా ఒక ఇల్లుందని రోజూ వీధి మలుపులో గుర్తు చేసేది అదే.

ఇప్పుడు మలుపు తిరిగితే ఏమీ లేదు. అయినా ఐదున్నరకి ఆవిడ పొయ్యి దగ్గరే ఉంటుందని తెలుసు కాబట్టి, చెప్పులు విడుస్తూ నా మాట నేను అనేసేవాణ్ణి. ఆవిడ జవాబు ఆవిడ ఇచ్చేసేది. మూడు వారాలు అలా గడిపేశాను.

గిడ్డంగిలో అంత తేలిగ్గా జరగలేదు. సందుల్లో ఎప్పటిలాగే తల కొంచెం పైకెత్తి నడిచేవాణ్ణి, ఎవరైనా చూస్తున్నారేమోనని గట్టిగా పీల్చేవాణ్ణి కూడా. అరల్లోకి చెయ్యి పెట్టి తడిమేవాణ్ణి, కుళ్ళు పుట్టిన చోట కాస్త వెచ్చగా తగులుతుంది. కానీ చేతికి వెచ్చగా తగలాలంటే వాసన వచ్చాక రెండు మూడు రోజులు పడుతుంది. ఏదీ తగలని రోజున, అస్సలు గుర్తు పెట్టకపోతే అనుమానం వస్తుందని, ఊరికే అక్కడొకటీ ఇక్కడొకటీ సుద్ద గీసి వచ్చేవాణ్ణి.

అరలు దించే ఆడవాళ్ళకి పెద్ద దిక్కు పెద్దక్క. వయసులో నాకంటే పెద్దది, పనిలో అందరికంటే పెద్దది. ఒకరోజు చేతులు దులుపుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏం తమ్ముడూ, నాలుగు అరలు దించాం. కుళ్ళింది ఒక్కటంటే ఒక్కటి లేదు. ముక్కుకి సెలవిచ్చావా ఏంటి?"

వెనక ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

"ముందు జాగ్రత్త అక్కా. ఈ ఏడు తేమ ఎక్కువగా ఉంది" అని నీళ్ళు నమిలాను.

"నీ ముందు జాగ్రత్త మా నడుముల మీదికొస్తోంది" అని ఆవిడ వెళ్ళిపోయింది. నా మాట నమ్మింది. ఇరవై ఆరేళ్ళుగా గుర్తు తప్పని మనిషిని నమ్మకుండా ఎలా ఉంటుంది!

నాలుగో వారంలో నా నోరు నన్ను పట్టించింది. ఆ సాయంత్రం వాన జోరుగా ఉంది. తల తుడుచుకుంటూ, వంగి చెప్పులు విడుస్తూ, "వీధి మలుపు దాకా వచ్చేసింది వాసన!" అన్నాను.

జవాబు రాలేదు. తల ఎత్తి చూశాను. మా ఆవిడ కిటికీ దగ్గర చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్ల చొక్కా, చుట్టూ అలాంటి చొక్కాలే గుట్టలు గుట్టలు. బడిపిల్లల చొక్కాలు, అన్నీ చిన్న కొలతలే. పొయ్యి మీద ఏమీ లేదు.

పళ్ళతో దారం తెంపి, "ఏం వాసన?" అంది.

"అదే... ఉల్లిపాయలు వేగుతున్న వాసన."

"ఇవాళ పొయ్యే వెలిగించలేదు. ఇవి రేపు పొద్దున్నకి ఇచ్చెయ్యాలని మధ్యాహ్నం నుంచీ లేవలేదు."

"అయితే పక్కింటివాళ్ళు వండుతున్నారేమో."

"పక్కింటికి తాళం వేసి వారమైంది."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు. ఆ నవ్వుతోనే కొంప మునిగింది. ఆవిడ సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టి, నావైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"ఇన్నేళ్ళూ ఇంతేనా?" అంది.

నిజం చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఒక్క వాక్యం సరిపోయేది. కానీ ఇంకా రెండు వారాలు గడువుంది కదా, ఈలోపు వాసన వచ్చేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని లోపల పిరికితనం గుంజుతోంది.

"అలసిపోయి వచ్చాను. ఏదో అలవాటుగా అనేశాను" అన్నాను.

"అలవాటుగా" అని ఆవిడ ఆ మాటను మెల్లగా ఒకసారి పలికి, మళ్ళీ సూది తీసుకుంది.

మర్నాటినుంచి మా వంటింట్లో ఉల్లిపాయ లేదు. బంగాళాదుంపలు ఉడకబెట్టి ఉప్పు చల్లేది. గుడ్లు ఉడకబెట్టి ఉప్పు చల్లేది. తెల్లటి పళ్ళెంలో తెల్లటి తిండి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, మూకుడు మాత్రం కడిగి బోర్లించేసింది. గిడ్డంగిలో జంటగా అతుక్కున్న ఉల్లిపాయలు బజారుకు పనికిరావని మాకే ఇచ్చేస్తారు. నేను రోజూ ఓ నాలుగు జేబుల్లో వేసుకొచ్చి బుట్టలో పడేసేవాణ్ణి. ఆవిడ వాటిని ముట్టుకోలేదు. వారం తిరిగేసరికి వాటికి పచ్చగా మొలకలు లేచాయి.

నాకు ఎలాగూ వాసన లేదు, రుచీ సగం పోయింది. ఉప్పు బంగాళాదుంపైనా, వేపుడైనా నాకు ఒకటే. శిక్ష పడిందల్లా ఆవిడకే. అన్నిటికంటే నన్ను కోసేసింది ఆ సంగతే. చప్పటి తిండి రెండు ముద్దలు తిని ఆవిడ లేచిపోతుంటే, నేను తల వంచుకుని నా పళ్ళెం ఖాళీ చేసేవాణ్ణి. తరవాత తరవాత నేను వచ్చేసరికే తినేసి, నా పళ్ళెం మీద మూత పెట్టి, కిటికీ దగ్గర కూర్చునేది.

అంత ఒంటరితనం నేను ఎప్పుడూ ఎరగను. వాన పడుతుంది, తడిసిన నేల వాసన ఉండదు. మా ఆవిడ వెనకనుంచి వెళ్తుంది, ఉతికిన బట్టల సబ్బు వాసన ఉండదు. అదే గదిలో మనిషి ఉందో లేదో తెలియాలంటే వెనక్కి తిరిగి చూసుకోవాలి. తిరిగి చూస్తే ఆవిడ తల దించుకుని గుండీలు కుడుతూ ఉండేది.

ఆరో వారం ఆఖర్లో పన్నెండో అర కూలింది. పొద్దున తలుపులు తీసేసరికి దాని కిందనుంచి నల్లటి నీళ్ళు సందు మధ్యదాకా కారి ఉన్నాయి. పై చెక్క ఊడి, సగం సరుకు జారి, ముద్దలు ముద్దలుగా కింద పడింది. అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి వెళ్ళారు. నేనొక్కణ్ణే మామూలుగా నిలబడ్డాను, తరవాత గుర్తొచ్చి గబగబా నేనూ ముక్కు మూసుకున్నాను.

గిడ్డంగి చూసుకునే మేస్త్రి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, చెడ్డవాడు కాదు, కానీ ఆ రోజు అతని మొహం మండిపోతోంది. అర చెక్క మీద చెరగని సుద్ద గుర్తు చూశాడు.

"పోయిన వారం ఇది దించింది ఎవరు?"

"మేమే" అంది పెద్దక్క. "అందులో కుళ్ళు లేదు. మొత్తం ఏరి చూశాం."

"లేకపోవడమేంటి? ముక్కాయన గుర్తు పెట్టాడంటే ఉన్నట్టే. ఆయన గుర్తు ఎప్పుడైనా తప్పిందా? పైపైన ఏరి, మళ్ళీ పోసేసి కూర్చున్నారు. అర మొత్తం పోయింది. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

పెద్దక్క మేస్త్రిని చూడలేదు, నన్ను చూసింది.

"నువ్వు చెప్పు తమ్ముడూ. ఆ రోజు ఇందులో నిజంగా వాసన వచ్చిందా?"

ఆ గుర్తు నేను ఊరికే గీసింది. ఏదీ తగలని రోజున, చేతికి అందినచోట గీసింది.

"వచ్చినట్టే ఉంది అక్కా" అన్నాను.

అంత నీచమైన మాట నేను నా జన్మలో అనలేదు. ఆవిడ తల గుడ్డ విప్పి, దులిపి, మడతపెట్టుకుని బయటికి నడిచింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మూత పెట్టిన పళ్ళెం ముందు కూర్చున్నాను, మూత తియ్యకుండానే లేచాను.

మర్నాటితో డాక్టరు చెప్పిన గడువు తీరింది. లేవగానే సబ్బు పీల్చి చూశాను, ఏమీ లేదు. తిన్నగా మేస్త్రి గదికి వెళ్ళాను.

"పన్నెండో అర మీద గుర్తు నేను ఊరికే పెట్టాను" అన్నాను.

"ఊరికే అంటే?"

"నాకు వాసన పోయింది. జ్వరం వచ్చినప్పటినుంచీ లేదు. ఈ ఆరు వారాలూ నటించాను."

మేస్త్రి ముందు నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. బయటికెళ్ళి, నిన్నటి కుప్పలోంచి ఒక కుళ్ళిన ఉల్లిపాయను కాగితంలో పట్టుకొచ్చి నా ముక్కు కింద పెట్టాడు. తను మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను రెండుసార్లు పీల్చి తల అడ్డంగా ఊపాను. అతను కాగితం మడిచి బయటికి విసిరేశాడు.

"ముందే చెప్తే ఏం పోయేదండీ!" అన్నాడు ఆఖరికి.

పెద్దక్కకి కబురు పెట్టాడు. నన్ను తలుపు దగ్గర బస్తాల మూతులు కుట్టే పనికి మార్చాడు. వాసన ఇప్పటికీ రాలేదు, నేను ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పెద్దక్క గంటలో వచ్చి, నా ముందునుంచి నడుస్తూ ఒక్క క్షణం ఆగింది.

"నిన్ననే చెప్పి ఉండాల్సింది తమ్ముడూ" అంది.

ఆ రోజు మేస్త్రి నన్ను మధ్యాహ్నమే ఇంటికి పంపించేశాడు. నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి మా ఆవిడ కిటికీ దగ్గరే ఉంది. ఆ వేళప్పుడు నన్ను చూసి సూది ఆపింది.

"నీకో మాట చెప్పాలి."

"చెప్పండి."

నిలబడే చెప్పాను. జ్వరం, సబ్బు, డాక్టరు, సుద్ద గుర్తులు, పెద్దక్క, మేస్త్రి, అన్నీ.

"మొన్న వానల్లో వచ్చిన జ్వరమేనా?" అంది అంతా అయ్యాక.

"అదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

ఆవిడ ఒళ్ళో చొక్కాను రెండు చేతులతో సాపు చేసింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తరవాత నేను ఎదురుచూస్తున్న మాట అడిగింది.

"మరి అంతకుముందు అన్నవన్నీ?"

అన్నీ నిజమే అంటే సరిపోయేది. ఆవిడకి కావలసిన మాటా అదే. కానీ ఆ పొద్దున్నుంచీ నిజం చెప్పి చెప్పి, ఇంకో అబద్ధానికి నాకు ఓపిక లేకపోయింది.

"ఒక్కరోజు తప్ప అన్నీ నిజమే" అన్నాను.

"ఏ రోజు?"

"మనం ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు."

అది పదిహేడేళ్ళ కిందటి మాట. ఏడో నెలలో మా బిడ్డ కడుపులోనే పోయింది. ఆవిడని రెండు రోజులు ఉంచుకుని పంపించేశారు. ఇంటికొచ్చిన సాయంత్రం, వద్దన్నా వినకుండా పొయ్యి దగ్గర నిలబడింది. నేను మందులు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా పొగ. ఆవిడ గరిటె పట్టుకుని, కదపకుండా, మూకుట్లోకే చూస్తూ ఉంది. నేను గుమ్మంలో చెప్పులు విడిచి, రోజూ అనే మాటే అన్నాను. ఆవిడ వెనక్కి తిరక్కుండా, రోజూ అనే మాటే అంది. ఇద్దరం కూర్చుని ఆ మాడిన కూరే తిన్నాం. ఆ రోజు ఊసు మళ్ళీ ఎవరమూ ఎత్తలేదు.

"మాడిపోయాయి కదా ఆ రోజు" అంది మా ఆవిడ.

"బొగ్గులైపోయాయి."

"మరెందుకలా అన్నారు?"

"ఇంకేమనాలో తెలియలేదు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. కింద దుకాణంలో కుట్టుమిషను ఒకటి ఆగి ఆగి నడుస్తోంది. అటు తిరిగే మాట్లాడింది.

"ఆడపిల్ల" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మిమ్మల్ని లోపలికి రానివ్వలేదు కదా. నర్సు నాకు చూపించింది. తలనిండా జుట్టు. మీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. నాకొక్కదానికి తెలిస్తే చాల్లే, మీరెందుకు మొయ్యడం అనుకున్నా."

వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాను. ఆవిడ చొక్కాల గుట్టను అవతలికి జరిపి చోటిచ్చింది.

"ఎవరి పోలిక?" అని అడిగాను.

ఆవిడ సాయంత్రం దాకా చెబుతూనే ఉంది.